నా సాక్ష్యంలో లేని స్తంభం

మా సంఘంలో నా సాక్ష్యం విని కంటతడి పెట్టని మనిషి లేడు. పదిహేనేళ్లుగా ఎన్ని ఊళ్లలో చెప్పానో నాకే గుర్తులేదు. వాకాడు నుంచి బిట్రగుంట దాకా ఎక్కడ ఉపవాస కూడిక జరిగినా నన్ను పిలవకుండా ఉండరు.

సరే, అది కొంచెం ఎక్కువైంది. బిట్రగుంటకు ఒక్కసారే పోయాను. అదీ మా చెల్లెలి మనవరాలి పెళ్లికి. అక్కడ ఎవరూ అడగకుండానే లేచి నిలబడి చెప్పేశాను. కంటతడి మాట కూడా అంతే. మా సంఘంలో ముందు వరసలో కూర్చునే ఒక ముసలామె నేను మొదలుపెట్టగానే నిద్రపోయేది. మిగిలినవాళ్లు మాత్రం ఏడ్చేవాళ్లు, అది నిజం. ఆ ఏడుపే నన్ను పాడుచేసింది.

మా ఆరాధనలో పాటలు అయ్యాక, ప్రసంగానికి ముందు, ఎవరైనా లేచి దేవుడు తనకు చేసిన మేలు చెప్పవచ్చు. దాన్నే సాక్ష్యం అంటాం. జ్వరం తగ్గినవాళ్లు చెబుతారు, వల నిండినవాళ్లు చెబుతారు. ఎక్కడైనా మనసుకు తగిలితే కూర్చున్నవాళ్లు "స్తోత్రం" అంటారు. ఆ కేక ఎక్కడ గట్టిగా వచ్చిందో చెప్పేవాడికి గుర్తుండిపోతుంది. మరుసటిసారి అక్కడ కాస్త ఆగుతాడు. ఆ తరువాతిసారి అక్కడ ఇంకో రెండు మాటలు చేరతాయి. నేను ప్లంబరును. నీళ్లు ఎక్కడ ధారగా వస్తాయో అక్కడ ఇంకో కుళాయి బిగించడం నా చేతికి అలవాటు.

ఇంతకీ నా సాక్ష్యం ఇది. పాతికేళ్ల కిందట నేను పని కోసం కువైట్ పోయాను. ఆ దేశంలో నాకు ఒక్క మనిషి తెలియదు. విమానం దిగితే నన్ను తీసుకుపోవాల్సినవాడు రాలేదు. మూడు రోజులు విమానాశ్రయం బయట నేల మీద, తిండి లేకుండా, ప్రార్థన చేస్తూ కూర్చున్నాను. మూడోనాడు నా భుజం మీద ఒక చెయ్యి పడింది. చూస్తే చిన్నప్పుడు నాతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న స్నేహితుడు. ఇరవై ఏళ్లుగా ఎక్కడున్నాడో తెలియనివాడు. రెండోసారి ఎడారిలో దారి తప్పి, నాలుక పిడచగట్టుకుపోయి పడి ఉంటే మళ్లీ అతనే ఎదురొచ్చాడు. మూడోసారి కాగితాలు లేక, మన ఎంబసీ ముందు ఫుట్‌పాత్ మీద, పోలీసు వ్యానుకు ఎదురుగా కూర్చుని ఉంటే మళ్లీ అతనే. మూడుసార్లు దేవుడు ఒకే మనిషిని పంపాడు. నేను పిలవకముందే పంపాడు.

ఇక్కడికి వచ్చేసరికి చర్చి రేకులు అదిరేట్టు స్తోత్రం అనేవాళ్లు.

ఈ సాక్ష్యం వల్ల ఎవరికీ చెడు జరగదనే పోయినేడు దాకా అనుకున్నాను. పోయినేడు ఎండాకాలంలో, ఒక శనివారం పొద్దున, ఇంటి ముందు కూర్చుని బోరింగుకు తోలు వాషరు కోస్తున్నాను. ప్రతి శనివారం చర్చి ఊడ్చి చాపలు పరిచే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లాయన బోటు ఇంజను బెల్టులో చెయ్యి ఇరుక్కుని వల లాగే పని పోగొట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలు.

"తాతా, కువైట్ వీసా వచ్చేసింది. గురువారం విమానం. చదివి చెప్పు," అని ఒక కాగితం ఇచ్చింది.

నాకు వచ్చిన ఇంగ్లీషంతా పైపుల అట్టపెట్టెల మీద నేర్చుకున్నదే. అయినా ఆ ఒక్క మాట గుర్తుపట్టాను.

"ఇది విజిట్ వీసా మే. ఊరు చూసి వచ్చేవాళ్లకి ఇచ్చేది. పని చేసేదానికి కాదు. ఎవరింటికి పోతుండావు?"

"ఆడికి పోయినాక చెప్తారంట. ఏజెంటు అన్న చెప్పినాడు."

"నిన్ను తీసకపోయేదానికి ఎవరొస్తారు?"

"ఎవురో ఒకరు వస్తారంట."

"రాకపోతే?"

ఆమె నవ్వింది. "రాకపోతే ఏముంది తాతా? నీకు మూడు రోజులకు పంపినాడు. నాకు ఒక్కరోజుకి పంపడా?"

నా చేతిలో వాషరు జారి ఇసకలో పడింది.

ఆమె తన ఫోను తిప్పి చూపించింది. పారదర్శకంగా ఉండే కవరు వెనక చిన్న కార్డు ఒకటి దోపి ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో మేమందరం పళ్లెంలోంచి తలా ఒక వాగ్దాన కార్డు తీసుకుంటాం. దాని మీద ఏ వాక్యం వస్తే ఆ ఏడంతా అదే దేవుడు మనకిచ్చిన మాట. ఈ అమ్మాయికి, తెలియని చోటికి పోయినా నీకు తోడుంటాననే అర్థం వచ్చేది పడింది.

"ఈ కార్డు వచ్చిన వారమే నువ్వు సాక్ష్యం చెప్పినావు తాతా. రెండూ కలిసినాయి. ఇంక నాకు భయం లేదు."

ఆమెకు లేని భయమంతా వచ్చి నా మీద కూర్చుంది. ఎందుకంటే ఆ దేశంలో నేను పైపులు బాగుచేయడానికి ఇళ్లలోకి పోయినవాణ్ణి. ఒకసారి ఒక పెద్ద ఇంటి వంటగదిలో సింకు కింద దూరి పని చేస్తుంటే, తలుపు సందులోంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో, గుసగుసగా అడిగింది: "అన్నా, ఇది ఏ ఊరు?" ఎన్నాళ్లుగా ఆ ఇంట్లో ఉందో, ఏ ఊళ్లో ఉందో ఆమెకు తెలియదు. నేను ఊరి పేరు చెప్పాను. కుళాయి బిగించి వచ్చేశాను. ఆమె కూడా ఇట్టాంటి కాగితం మీదే వచ్చి ఉంటుంది.

"ఇంకో రెండు నెలలు ఆగు మే. సరైన వీసా వచ్చినాక పోదువు," అన్నాను.

ఆమె ముఖం మారింది. "నా విశ్వాసాన్ని పరీక్షిస్తుండావా తాతా?" అని కాగితం మడిచి పట్టుకుపోయింది.

ఆ అమ్మాయిని ఆపాలంటే సాక్ష్యాన్ని విప్పాలి. విప్పితే అడుగున ఏముందో నాకు తెలుసు.

మా ఇంటామె లోపల చేపలు తోముతూ అంతా వింది. "ఆ పిల్లకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

"ఏం చెప్పాలి?"

"మూడు రోజులు కాదని. దిగినరోజే నాకు జాబు రాసినావు గదా, మధ్యాహ్నం దిగినా, పొద్దుగూకేలోపల వాడు దొరికినాడు అని. ఆ జాబు ఇంకా పెట్టెలోనే ఉండాది."

పదిహేనేళ్లుగా ముందు వరసలో కూర్చుని ఈమె ఎందుకు స్తోత్రం అనలేదో అప్పుడు తెలిసింది. అయితే ఆమెకు తెలిసింది మొదటిది ఒక్కటే. మూడోదాని సంగతి ఆమెకూ తెలియదు.

ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారు నా దగ్గరికి వచ్చారు. "మంగళవారం సాయంత్రం ఆ చెల్లి ఇంట్లో ప్రయాణ ప్రార్థన పెట్టుకున్నాం. మీరు సాక్ష్యం చెప్పాల. బలంగా చెప్పండి, ఆ బిడ్డకు ధైర్యం వస్తుంది." నేను తల ఊపాను. నోరు తెరవబోతే నాలుక నిజంగానే పిడచగట్టుకుపోయింది, ఎడారి లేకుండానే.

మూడు రోజులు తిండి లేకుండా ఉండటం నా జీవితంలో అప్పుడే జరిగింది. సోమవారం మధ్యాహ్నం రొయ్యల కూరతో తిన్నాను. అది తీసేస్తే మిగిలిందంతా నిజం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. కళ్లు మూస్తే ఆ తలుపు సందు కనపడేది. ఈసారి దాని వెనక ఉన్న గొంతు మా చాపలు పరిచే అమ్మాయిది.

మంగళవారం సాయంత్రం ఎండ ఇంకా ఉంది. వాళ్ల ఇంటి ముందు తాటాకు పందిరి కింద రెండొందల మంది కూర్చుని ఉన్నారు. కాదులెండి, ముప్పై మంది ఉంటారు. నాకు రెండొందల మందిలా కనపడ్డారు. గోడ పక్కన ఆమె పెట్టె తాడు కట్టి సిద్ధంగా ఉంది. పాటలు అయ్యాయి. పాస్టరుగారు నావైపు చూశారు. లేచి పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను.

"నేను చెప్పిన సాక్ష్యంలో అబద్ధాలు ఉండాయి," అన్నాను.

నేను వినయం కోసం అలా మొదలుపెట్టానని అనుకున్నారేమో, ఒకరిద్దరు నవ్వుముఖం పెట్టారు.

"విమానాశ్రయంలో మూడు రోజులు లేను. నాలుగు గంటలు ఉన్నాను. నా స్నేహితుడు ఎవరినో విమానం ఎక్కించేదానికి వచ్చి నన్ను చూసినాడు. తిండి లేదన్నది కూడా అబద్ధం. మా ఇంటామె కట్టిచ్చిన అప్పచ్చులు ఉండినాయి, తింటూనే ఉన్నాను."

నవ్వుముఖాలు పోయాయి.

"రెండోది, ఎడారి కాదు. కూరగాయల మార్కెట్టు. నేను పనిచేసే ఆసామి దగ్గర నుంచి పారిపోయి, తల దాచుకునే చోటు లేక తిరుగుతుండా. బెండకాయల బుట్ట దగ్గర వాడు కనపడినాడు. బెండకాయలు విరిచి చూస్తుండాడు, ముదురా లేతా అని."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఎన్నడూ నా సాక్ష్యానికి మేలుకోని ముసలామె నిటారుగా కూర్చుని నా నోటివైపే చూస్తోంది.

మూడోది పందిరి కింద ఎలా చెప్పానో నాకు సరిగా గుర్తులేదు. ఇక్కడ కుదురుగా రాస్తాను.

మనల్ని ఆ దేశానికి పిలిపించుకున్న ఆసామిని కఫీల్ అంటారు. మన కాగితాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఆయన్ని వదిలి దొంగచాటుగా బతికేవాణ్ణి ఖల్లివల్లి అంటారు. నేను ఖల్లివల్లిని. పోలీసు టోపీ కనపడితే నా కాళ్లు నన్ను అడక్కుండానే సందులోకి తిరిగేవి. బెండకాయల దగ్గర కలిసినప్పటి నుంచి నా స్నేహితుడు తన గదిలోనే నాకు చోటిచ్చాడు. కొన్నాళ్లకు దూరపు ఊళ్లో కుట్టుపని దొరికిందని పోతూ, గది తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అతని రేకుపెట్టె ఆ గదిలోనే ఉంది. ఆ తరువాత నాలుగు నెలలు కబురు లేదు. అప్పుడు మా చేతుల్లో ఫోన్లు లేవు.

ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు ఎక్కడో కుళాయి పని చూసుకుని ఎంబసీ మీదుగా వస్తున్నాను. గోడ వెంబడి ఫుట్‌పాత్ మీద మనవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. కాగితాలు చేతిలో లేక, ఇంటికి పోయేందుకు అవుట్‌పాస్ అడగడానికి వచ్చినవాళ్లు. పాస్‌పోర్టు జిరాక్స్ ఉన్నవాణ్ణి గేటు లోపలికి పంపుతున్నారు. లేనివాడు బయటే. రోడ్డుకు అవతల పోలీసు వ్యాను. ఆ వరస చివర, ఒళ్లో సంచి పెట్టుకుని, గడ్డం మాసిపోయి అతను కూర్చుని ఉన్నాడు.

కుట్టుపని ఇచ్చినవాడు పాస్‌పోర్టు లాగేసుకుని ఉంటాడు, గదికి వచ్చి తాళం చూసి ఇటొచ్చి ఉంటాడు. అతని జిరాక్స్ రేకుపెట్టెలో ఉంది. పెట్టె గదిలో ఉంది. గది తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది. నడిస్తే పావుగంట. ఇరవై అడుగులు వేసి "ఉండు, తెస్తా" అంటే చాలు.

నేను పక్క భవనం స్తంభం వెనక్కి పోయాను.

ఆ స్తంభం ఎండకు కాలిపోతోంది. వీపు దానికి ఆనించి నిలబడ్డాను. చర్మం మండుతున్నా కదల్లేదు. వ్యాను తలుపు తెరిచిన చప్పుడు, బూట్ల చప్పుడు, ఎవరో వద్దని బతిమాలిన మాటలు, మళ్లీ తలుపు వేసిన చప్పుడు. బయటికి వచ్చేసరికి వరస లేదు. అతను కూర్చున్న చోట సిమెంటు మీద చెమట తడి ఇంకా ఆరలేదు. జేబులో తాళంచెవి గుండెకు గుచ్చుకుంటోంది.

రెండు నెలలు లోపల పెట్టి అతన్ని ఇంటికి పంపేశారు. సాక్ష్యంలో నేనేం చేశానంటే, ఫుట్‌పాత్ మీద అతన్ని లేపి నన్ను కూర్చోబెట్టాను. నేను రావలసిన దారిలో అతన్ని నడిపించాను. స్తంభాన్ని తీసేశాను.

పందిరి కింద చివరికి ఇలా అన్నాను: "దేవుడు పంపడని నేను అనను. ఆ రోజు కూడా పంపినాడు. నన్నే పంపినాడు. ఆయన పంపితే నేను పోలేదు. బిడ్డా, నీ కోసం ఆయన ఎవరినో పంపుతాడు, నిజమే. వాడు నాలాంటివాడైతే నీ గతేంది? నాకు భయంగా ఉంది. పోవద్దు."

కూర్చోబోతే ఆ అమ్మాయి లేచింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"తాతా, నీ మూడు రోజులు నమ్మి నా బిడ్డల్ని మా అమ్మ కాడ దించొచ్చినా. చిన్నది నా కొంగు వదల్లేదు. వేళ్లు ఊడదీసి వచ్చినా. నీ స్నేహితుడు ఉండాడా అసలు? ఆయన కూడా నువ్వు కల్పించిన మనిషేనా?"

"ఉండాడు. కొన్నేళ్లకు మళ్లీ పోయినాడు. ఇప్పుడు ఆడనే కొడుకుతో లేడీస్ టైలరు అంగడి పెట్టుకోని ఉండాడు."

"అయితే ఫోను చెయ్యి. ఇప్పుడే. అందరం వినాల."

అతను ఇంటికి వచ్చాక మేము పెళ్లిళ్లలో, చావుల్లో ఎన్నోసార్లు కలిశాం. మా పెద్దోడి పెళ్లికి నాకు చొక్కా కుట్టింది అతనే. నా మెడ చుట్టూ టేపు వేసి కొలత తీసుకుంటుంటే అడుగుతాడేమోనని నేను గుటక కూడా మింగలేదు. అతను అడగలేదు. నేను చెప్పలేదు. ఇప్పుడు ముప్పై మంది ముందు చెప్పాలి. నెంబరు నొక్కుతుంటే వేలు పక్క అంకె మీద పడింది. రెండోసారీ పడింది. ఆ అమ్మాయే ఫోను లాక్కుని నొక్కి, స్పీకరు పెట్టి, నా ముఖం ముందు పట్టుకుంది.

"ఏరా, ఇంకా ఉండావా?" అన్నాడు.

"ఉండాను."

"అల్‌హందులిల్లా. ఏంది ఈ టయంలో? ఎవురన్నా పోయినారా?"

చాపల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ల సాక్ష్యంలో నేను స్నేహితుడు అనే చెప్పాను గానీ అతను ముస్లిం అని ఒక్కసారీ చెప్పలేదు. ముసలామె నావైపు వంగి, "సాయిబా?" అంది. అవునన్నాను. "ముందే చెప్పుంటే మేలుకోని వినేదాన్ని గదరా," అంది.

"ఎవరూ పోలేదు," అన్నాను ఫోనులో. "ఒక మాట చెప్పాలి. ఎంబసీ ముందు నిన్ను వ్యాను ఎక్కించిన రోజు..."

అవతల కుట్టుమిషను ఆగింది.

"ఆ రోజు నేను ఆడనే ఉండాను. స్తంభం వెనకాల. తాళంచెవి నా జేబులోనే ఉండింది."

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. మా వెనక సముద్రం చప్పుడు. లైను తెగిపోయిందేమోనని, తెగిపోతే బాగుండునని అనుకున్నాను.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"నీ పానాల సంచి స్తంభం బయటికి కనపడుతుండె. ఎర్రగుడ్డ సంచి. నేను కుట్టిచ్చిందే గదా. నా కుట్టు నాకు తెలియదా?"

"మరి పిలవలేదే?"

"పిలిస్తే వ్యానులో వాడు కూడా నీ పక్కే చూస్తాడు. నీకూ కాగితాల్లేవు. అందుకే ఆ పక్కకు తల తిప్పలేదు. అట్టా బిగదీసుకోని కూర్చుని మెడ పట్టేసింది."

పందిరి కింద ఎవరో మెల్లగా స్తోత్రం అన్నారు.

"ఎవుర్రా ఆడ?"

"ఎవరూ లేరు," అన్నాను. అలవాటు. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపుకు వెంటనే, "సంఘమంతా ఉండాది," అన్నాను.

"ఓరి నీ! అయితే ఇది కూడా వినమను. లోపల ఉన్న రెండు నెలలూ రోజూ నిన్ను తిట్టుకున్నా. నమాజు చేసుకోని, దువా చేసుకోని, మళ్లీ తిట్టుకునేవాణ్ణి. నీ కొడుకు పెళ్లి చొక్కా మెడకాడ బిగించినా, చూసుకున్నావా? అర అంగుళం. కావాలనే."

ఆ పెళ్లంతా నాకు ఊపిరాడలేదు. లావెక్కాననుకున్నాను.

ఆ అమ్మాయి ఫోను తన నోటి దగ్గరికి తీసుకుంది. "తాతా, నేను గురువారం మీ ఊరికి వస్తుండా."

"ఏం వీసా తల్లీ?"

"విజిట్ అంట."

"ఎవురింటికి?"

"తెలియదు."

"రావద్దు."

"తాతా, టికెట్టు..."

"రావద్దు తల్లీ. విమానాశ్రయానికి నేను వస్తా, దానికేముంది. నీ కోసం బండి తెచ్చినవాడు నన్ను దగ్గరికి రానిస్తాడా? నిన్ను దించిన ఇంటి తలుపు నాకు తీస్తారా? పైవాడు నన్ను పంపినా నేను ఆ తలుపు దాకానే గదా రాగలను."

ఆమె పెట్టె వైపు చూసింది. తరువాత పోయి పెట్టెకు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా ఉంది. వాళ్లాయన ఒక చేత్తో వచ్చి పట్టుకున్నాడు.

పాస్టరుగారికి ఏం ప్రార్థన చేయాలో తోచలేదు. "పోకుండా ఉండేదానికి కూడా ప్రార్థన చెయ్యొచ్చు గదయ్యా," అంది ముసలామె.

ఆ తరువాత రెండు నెలలు ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. శనివారం అన్ని చాపలూ పరిచేది, నేను కూర్చునే చోట తప్ప. ఆదివారం నా చాప నేనే తెచ్చి పరుచుకునేవాణ్ణి. నన్ను సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగలేదు. అది కూడా న్యాయమే.

అవతల నా స్నేహితుడు ఊరుకోలేదు. పదేళ్లుగా తను బట్టలు కుట్టే ఇంటావిడ, మంచం పట్టిన తల్లిని చూసుకునే మనిషి కోసం వెతుకుతోందట. ఆమెతో మాట్లాడి, సరైన పని వీసా తీయించి, ఒప్పందం కాగితం ప్రతి వరసా కొడుకుచేత చదివించుకుని మరీ పంపించాడు. ఐదు నెలలు పట్టింది. ఒక శనివారం ఆ అమ్మాయి వచ్చి ఏమీ అనకుండా కాగితం నా ముందు పెట్టింది. రెండుసార్లు చదివాను. సరిగానే ఉంది. ఫోను కవరులోంచి వాగ్దాన కార్డు తీసి వెనక్కి తిప్పి ఇచ్చింది. "ఆయన నెంబరు దీని మీద రాయి తాతా. నీ చేత్తో రాయి." రాశాను.

చెన్నైలో ఆమె పొద్దున విమానం ఎక్కింది. మన గడియారం ప్రకారం పదకొండుకు దిగాలి. దిగగానే అతను ఫోను చేయాలి. పదకొండు దాటింది. పన్నెండు దాటింది. ఇంట్లో ఉండలేక, చేపలు ఎండబెట్టిన చోటికి పోయి వలల కుప్ప మీద కూర్చున్నాను. చేస్తే ఆమె ఫోను మోగడం లేదు, అతను ఎత్తడం లేదు. ఒంటిగంట. అతనికి డెబ్బై దాటాయి. దారిలో ఏమైనా అయిందేమో. లోపల ఉన్న ఆ రెండు నెలలు ఈ పూట గుర్తొచ్చాయేమో. అతనూ మనిషే, అతనికీ ఒక స్తంభం దొరకవచ్చు. తలుపు సందులోంచి వచ్చిన ఆ పాత గొంతు అలల చప్పుడులో కలిసి మళ్లీ అడుగుతోంది, ఇది ఏ ఊరు అని. ప్రార్థన చేద్దామంటే నాకు వచ్చిన పెద్ద పెద్ద మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "వాణ్ణి ఆ బిడ్డ కాడికి పోనియ్యి ప్రభువా, వాణ్ణి పోనియ్యి" అనే ఒక్క మాటే అన్నాను. ఎన్నిసార్లన్నానో తెలియదు.

మూడు గంటలకు ఫోను మోగింది. నాలుగు గంటలు, గడియారం చూసే చెబుతున్నాను. నాలుగు గంటలు ఎంత పెద్దవో నాకు ఆ రోజు తెలిసింది. వాటిని మూడు రోజులు చేయాల్సిన పనే లేకపోయింది.

"వచ్చింది," అన్నాడు. "ఇంటికాడ దించి, ఆమె పడుకునే మంచం కూడా చూసి వచ్చినా. గదికి లోపల గడియ ఉండాది."

"ఇంతసేపు ఏంది రా?" అన్నాను.

"ఆమె పెట్టె రాలేదు, దాని కోసం కనుక్కుంటా నిలబడినాం. హడావుడిలో నా ఫోను అంగట్లోనే మరిచిపోయి వచ్చినా. ఆమె ఫోనుకు ఈ దేశం సిమ్ము ఇంకా వెయ్యలేదు. ఇంకో సంగతి రా. ఆ విమానాశ్రయంలో స్తంభాలు బోలెడు ఉండాయి. ఊరికే నిలబడినా గదా, అన్నిటి వెనకాలా చూసినా. నువ్వు లేవు."

నవ్వాను. వలల మీద నుంచి లేచి ఆ అమ్మాయి ఇంటివైపు నడిచాను. వాళ్లాయన గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. వచ్చింది, మంచం ఉంది, గడియ ఉంది, పెట్టె రేపు వస్తుంది అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దారిపొడుగునా అదే వరసలో, ఒక్క మాట కలపకుండా, పైకి చెప్పుకుంటూ పోయాను.